అక్టోబరులో కుటుంబంతో ఫ్రాంక్‌ఫర్ట్‌కు: ముందుగా ఏ పనులు చూసుకోవాలి?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి)

అందరికీ నమస్కారం. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న నాకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో పని దొరికింది. బతుకమ్మ పండుగ కాగానే భార్యను, ఐదేళ్ల పాపను తీసుకుని బయలుదేరుతున్నాను. మొదటి నెలకు కంపెనీ గది ఇస్తుంది, ఆ తరువాత ఇల్లు మేమే వెతుక్కోవాలి. నా భార్యకు జర్మన్ అసలు రాదు, నాకూ అంతంత మాత్రమే. అమ్మ ఇప్పటికే నెయ్యి, చికెన్ పచ్చడి, కరివేపాకు సర్దుతోంది. అక్కడున్న మన నల్గొండ, పాలమూరు వాళ్లు దేని గురించి ముందుగా జాగ్రత్తపడమంటారు?

జవాబు 1 (దేవరకొండ, ప్రస్తుతం ఓఫెన్‌బాఖ్)

అన్నిటికంటే ముందు చిరునామా సంగతి తేల్చుకోండి, మిగతా కాగితాలన్నీ దాని మీదే నడుస్తాయి. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు స్థానిక కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి. దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. అందుకు ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. తాత్కాలిక గదులిచ్చేవాళ్లలో కొందరు ఆ పత్రం ఇవ్వరు కాబట్టి, మీ గదికి అది దొరుకుతుందో లేదో కంపెనీని ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి. నమోదయ్యాక పన్ను గుర్తింపు సంఖ్య పోస్టులో వస్తుంది. అది ఆలస్యమైతే జీతంలో ఆరో తరగతి కింద, అంటే అన్నిటికంటే ఎక్కువ కోత పడే పన్ను తరగతి కింద, పన్ను కోయవచ్చు. ఆ డబ్బు తరువాత తిరిగి వస్తుంది గానీ, ఇంటి అడ్వాన్సు కట్టాల్సిన సమయంలోనే చేతిలో లేకుండా పోతుంది. ఆ అడ్వాన్సు మూడు నెలల మూల అద్దెకు మించకూడదని చట్టం.

దిగిన రోజే పోస్టుడబ్బా మీద మీ ఇంటిపేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అంటించండి. అక్కడ ఫ్లాటు నంబరు చూసి ఉత్తరం వేయరు, డబ్బా మీద పేరు చూసి వేస్తారు. పేరు కనబడకపోతే బ్యాంకు కార్డయినా సరే వెనక్కి పోతుంది. ఇంకొకటి, చాలా అద్దె ఇళ్లలో వంటగది సామాను ఉండదు.

జవాబు 2 (నల్గొండ)

బాబూ, మా పెద్దబ్బాయి అక్కడే ఉంటాడు కనుక సామాను గురించి చెబుతున్నాను. పాల పదార్థాలు, మాంసం ఇక్కడి నుంచి తీసుకుపోవడం ఐరోపా సమాఖ్య దేశాల్లో నిషిద్ధం. నెయ్యి, చికెన్ పచ్చడి రెండూ ఆ లెక్కలోకే వస్తాయి. పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. మామిడికాయ పచ్చడి, కారప్పొడులు, జొన్నపిండి పెట్టమని మీ అమ్మగారికి చెప్పండి.

జవాబు 3 (వనపర్తి, ప్రస్తుతం ఫ్రాంక్‌ఫర్ట్)

అన్నా, పాప సంగతి ఎవరూ ఎత్తలేదు. మీరు వచ్చేది హెస్సెన్ రాష్ట్రానికి. ఇక్కడ జూన్ 30 నాటికి ఆరేళ్లు నిండిన పిల్లలను ఆ ఆగస్టు నుంచి తప్పనిసరిగా బడికి పంపాలి. ఇంట్లోనే చదివిస్తామంటే ఒప్పుకోరు. వచ్చే జూన్ 30 నాటికి పాపకు ఆరేళ్లు నిండేట్టయితే జర్మన్ పట్టుబడడానికి మిగిలేది కొద్ది నెలలే కాబట్టి, కిండర్‌గార్టెన్‌లో చోటు కోసం ఇప్పటి నుంచే దరఖాస్తులు పెట్టండి. చోటు చట్టప్రకారం హక్కే అయినా దొరకడం కష్టం.

ఇక వదిన గారి గురించి. మీరు ఆఫీసుకు, పాప బడికి వెళ్లాక ఇంట్లో మిగిలేది ఆమె ఒక్కరే. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసి ఉంటాయి. పైగా భారత సమయం ఆ నెలల్లో నాలుగున్నర గంటలు ముందుంటుంది కనుక, ఇక్కడ రాత్రి ఎనిమిదికి తీరిక దొరికేసరికి మిర్యాలగూడలో పన్నెండున్నర అవుతుంది. ఊరి మాట వినబడని ఆ ఒంటరితనం కాగితాల ఇబ్బంది కంటే పెద్దదని నా అభిప్రాయం. వోల్క్స్‌హోహ్‌షూలే అనే వయోజన విద్యా కేంద్రంలో భాషా తరగతులు చౌక. ఆమెను మొదటి నెలలోనే చేర్పించండి, చలి తగ్గాక చూద్దామనుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. కంపెనీకి ఈ రోజే రాస్తాను. వంటగది సామాను ఉండదంటే పొయ్యి కూడా ఉండదా?

జవాబు 1

పొయ్యే కాదు, గిన్నెలు కడిగే సింకు కూడా ఉండకపోవచ్చు. ప్రకటనలో ఇ.బి.కె. అనే మూడు అక్షరాలు కనిపిస్తే వంటగది ఉన్నట్టు. లేకపోతే ఖాళీ చేస్తున్నవాళ్లు తమ సామాను అమ్ముతారేమో, ఒప్పందం మీద సంతకం చేయకముందే అడిగి చూడండి.