థండర్‌బర్డ్‌లో సైజు పెంచినా తెలుగు అక్షరాలు పెరగడం లేదు

ప్రశ్న: నల్లకుంట కార్యదర్శి

నమస్కారం. మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శిగా సమావేశ వివరాలను, మెయింటెనెన్స్ లెక్కలను నెలనెలా తెలుగులోనే ఈమెయిల్ ద్వారా సభ్యులకు పంపుతుంటాను. పాత కంప్యూటర్ మూలపడడంతో ఇటీవల సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో విండోస్ 11 ఉన్న కొత్తది కొని, అందులో థండర్‌బర్డ్ అనే ఈమెయిల్ ప్రోగ్రామ్ పెట్టుకున్నాను. అప్పటినుంచి తెలుగు ఉత్తరాల్లో ఏ ఒత్తు ఏదో పోల్చుకోలేనంత చిన్న అక్షరాలు కనిపిస్తున్నాయి. ఫాంట్ సైజును 16 నుంచి 20కి పెంచితే కొన్ని ఇంగ్లీషు ఉత్తరాలు పెద్దవయ్యాయి కానీ, తెలుగువి మాత్రం కదల్లేదు. పైగా ఏళ్లుగా అలవాటైన గౌతమి ఫాంట్ జాబితాలోనే లేదు. నా పొరపాటు ఎక్కడుందో చెప్పగలరు.

జవాబు: తార్నాక వాసి

కార్యదర్శి గారూ, మీరు మార్చింది బహుశా లాటిన్ లిపికి, అంటే ఇంగ్లీషు అక్షరాలకు చెందిన సైజు మాత్రమే. సెట్టింగ్స్‌లో జనరల్ కింద ఫాంట్ల దగ్గరున్న ‘అడ్వాన్స్‌డ్’ బటన్ నొక్కితే తెరుచుకునే పెట్టెలో, అన్నిటికంటే పైన ‘ఫాంట్స్ ఫర్’ అనే చిన్న జాబితా ఉంటుంది. దాన్ని చాలామంది గమనించరు. నేనూ చాలాకాలం గమనించలేదు. అక్కడ ఎంచుకున్న లిపికే కింద కనిపించే ఫాంట్లు, సైజులు వర్తిస్తాయి.

అందులో ‘తెలుగు’ అని విడిగా ఉంది కదా అని అదొక్కటే మార్చి ఊరుకుంటే సరిపోదు. యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలకూ పనికొచ్చే ఎన్‌కోడింగ్ అది) వచ్చి, తాను ఏ భాషలో ఉన్నదీ చెప్పని ఉత్తరానికి సాధారణంగా ‘అదర్ రైటింగ్ సిస్టమ్స్’ కింద ఉన్న సైజు వర్తిస్తుంది. మనకు వచ్చే తెలుగు ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇటువంటివే. కాబట్టి లాటిన్, తెలుగు, అదర్ రైటింగ్ సిస్టమ్స్ మూడింటిలోనూ ఒకే సైజు పెట్టండి. పంపినవారే ఉత్తరంలో సైజు నిర్ణయించి ఉంటే ఇది కూడా పనిచేయదు. అప్పుడు ‘మినిమమ్ ఫాంట్ సైజ్’ ఉపయోగపడుతుంది. అయితే దాన్ని మరీ పెంచితే పట్టికలున్న ఉత్తరాలు చెదిరిపోతాయి కనుక, అప్పుడప్పుడు వచ్చే ఒకటి రెండు ఉత్తరాల కోసమైతే కంట్రోల్ మీటతో ప్లస్ నొక్కి చదువుకోవడమే మేలు.

నల్లకుంట కార్యదర్శి

ధన్యవాదాలండీ. మూడింటిలోనూ 20 పెట్టగానే తెలుగు ఉత్తరాలు హాయిగా చదవగలుగుతున్నాను. కోశాధికారి గారి ఉత్తరాలు మాత్రం ఇంకా చిన్నగా, టైపు మిషన్ మీద కొట్టినట్టుగా కనిపిస్తున్నాయి.

జవాబు: తార్నాక వాసి

ఆయన ప్లెయిన్ టెక్స్ట్‌లో, అంటే ఫాంటు, సైజు వంటివేవీ లేని ఉత్త అక్షరాలుగా పంపుతున్నారన్నమాట. అటువంటి ఉత్తరాలకు అన్ని అక్షరాలకూ ఒకే వెడల్పు ఇచ్చే మోనోస్పేస్ (ఫిక్స్‌డ్ విడ్త్) ఫాంటు, దాని సైజు వర్తిస్తాయి. ఆ సైజు గడి పక్కనే విడిగా ఉంటుంది. దాన్ని పెంచవచ్చు, లేదా అదే పెట్టెలో ప్లెయిన్ టెక్స్ట్‌కు ఫిక్స్‌డ్ విడ్త్ ఫాంట్ వాడమనే గడిలోని టిక్కు తీసేయవచ్చు. తెలుగుకు రెండోదే నయం, ఎందుకంటే ‘స్త్రీ’నీ ‘ర’నీ ఒకే వెడల్పులో ఇమడ్చాలని చూడడంలో అర్థం లేదు.

జవాబు: నారాయణగూడ డీటీపీ

గౌతమి గురించి ఒక మాట. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి ఉన్న ఆ ఫాంటు విండోస్ 10 నుంచి ఐచ్ఛికంగా మారింది. విండోస్ సెట్టింగ్స్‌లో ‘ఆప్షనల్ ఫీచర్స్’ తెరిచి, తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ చేర్చుకుంటే గౌతమి, దానితోపాటు వాణి కూడా వస్తాయి. అప్పటివరకు మీకు కనిపించేది విండోస్‌తోనే వచ్చే నిర్మలా యూఐ ఫాంటు.

అయితే మీరు గౌతమిలో రాసినంత మాత్రాన సభ్యులందరికీ గౌతమిలోనే కనిపించదు. ఉత్తరంతో వెళ్లేది ఫాంటు పేరే తప్ప ఫాంటు కాదు. అవతలివారి ఫోనులో అది లేకపోతే వారి దగ్గరున్న మరో తెలుగు ఫాంటు ఆ స్థానంలోకి వస్తుంది. కాబట్టి కంపోజిషన్ సెట్టింగ్స్‌లో ఫాంటును ‘వేరియబుల్ విడ్త్’గానే వదిలేయమని నా సలహా. అచ్చమైన రూపం తప్పనిసరైన నోటీసులను పీడీఎఫ్‌గా జతచేయండి. ఎవరైనా డీటీపీవారు వాడే ‘అను’ ఫాంట్లలో కొట్టి ఇచ్చిన మేటర్‌ను మాత్రం ఈమెయిల్‌లో నేరుగా అతికించకండి. అది అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ గుర్తించే యూనికోడ్ పద్ధతి కాదు కనుక, ఆ ఫాంటు లేని సభ్యులకు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన గందరగోళమే కనిపిస్తుంది. ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకుని, వత్తులు సరిగా వచ్చాయో లేదో ఒకసారి చదివి చూసుకోవాలి.

నల్లకుంట కార్యదర్శి

గౌతమి వచ్చేసిందండీ. పోయిన నెల నీటి ట్యాంకు నోటీసు ఎవరికీ అర్థం కాకపోవడానికి కారణం కూడా ఇప్పుడే తెలిసింది. దాన్ని పీడీఎఫ్‌గా మళ్లీ పంపుతున్నాను.