క్రీముల బ్రాండుకు చైనీస్ పేరు: ఏ అక్షరం మేలు?

షాంఘైలో ఒక ఫ్రెంచ్ చర్మ సంరక్షణ సంస్థలో పనిచేస్తున్నాను. మా క్రీములకు చైనీస్ పేరు వెతుకుతున్నాం. అమెరికా సౌందర్య సాధనాల సంస్థ రెవ్లాన్ చైనీస్ పేరు ‘లూ హ్వా నొంగ్’ చూస్తే అసూయగా ఉంటుంది: ధ్వనీ దగ్గరే, పైగా ప్రాచీన చైనా కవి లీ బాయ్ కవితలోని మాటలు!

మా పేరులో ‘లాన్’ అనే ధ్వని ఉంది. అలా పలికే అక్షరాల్లో ఆర్కిడ్ పువ్వు అని అర్థమిచ్చేది పెడదామని మావాళ్ల పట్టు. లాంకోమ్, ఎస్టీ లాడర్ చైనీస్ పేర్లలో ఇప్పటికే అదే ఉంది. మేమూ చేరితే గుంపులో గోవిందయ్యలమే. నీలం అని అర్థమిచ్చే ‘లాన్’ నాకు నచ్చింది కానీ, హాంకాంగ్‌లో కాంటనీస్ మాట్లాడేవాళ్లు దాన్ని ‘లామ్’ అని చదువుతారు. ఇది అమ్మకాలకు అడ్డమా? చర్మానికి నీలం అంటే చైనా ఆడవాళ్లకు ఎబ్బెట్టుగా తోస్తుందా?

చైనాలో ట్రేడ్‌మార్కు సాధారణంగా ముందు దరఖాస్తు చేసినవారిదే కనుక త్వరగా తేల్చాలి. మాండరిన్ (చైనా అధికార భాష), కాంటనీస్ రెండూ తెలిసినవారు దయచేసి చెప్పండి.