సెట్ అన్న ఒక్క మాటకి ఎన్ని అర్థాలు? సైట్‌లో తల తిరిగిపోతోంది

జగిత్యాల తమ్ముడు:
అన్నలకు అక్కలకు నమస్తే. దుబాయ్ వచ్చి నాలుగు నెలలైంది, బిల్డింగ్ సైట్‌లో హెల్పర్‌ని. ఇంగ్లీష్ కొంచెం అర్థమవుతుంది కానీ మా ఫోర్‌మన్ రోజుకి ఇరవైసార్లు సెట్ అంటాడు, ప్రతిసారీ వేరే అర్థం. కాంక్రీట్ మీద కాలు పెట్టబోతే "నాట్ సెట్" అని అరుస్తాడు, స్పానర్లు కావాలంటే "బ్రింగ్ ద సెట్" అంటాడు. మొన్న "టుమారో సిక్స్ ఓ క్లాక్, సెట్టింగ్ అవుట్" అన్నాడు. ఫోన్ డిక్షనరీలో చూస్తే బయల్దేరడం అని ఉంది, సరే ఇంకో సైట్‌కి పంపుతున్నారేమో అని బ్యాగ్ సర్దుకుని గేటు దగ్గర నిలబడ్డా. అందరూ ఒకటే నవ్వు. ఇవన్నీ ఎలా గుర్తుపెట్టుకోవాలి?

సిమెంటు చేతులు:
తమ్ముడూ, డిక్షనరీ తప్పు చెప్పలేదు, అది సైట్ మాట కాదంతే. మన పనిలో సెట్టింగ్ అవుట్ అంటే మార్కింగ్ ఇవ్వడం. ప్లాన్‌లో ఉన్న గోడలూ పిల్లర్లూ నేల మీద ఎక్కడొస్తాయో మేకులు కొట్టి, దారం కట్టి, సున్నంతో గీయడం.

కాంక్రీట్ సెట్ అవ్వడం అంటే గట్టిపడటం. చాలామంది ఆరడం అనుకుంటారు, కాదు. సిమెంటుకీ నీళ్లకీ మధ్య జరిగే రసాయన చర్య అది, అందుకే గట్టిపడ్డాక కూడా నీళ్లు కొడుతూనే ఉంటాం. కలపగానే బిగుసుకోకుండా సిమెంటు తయారీలోనే జిప్సం వేస్తారు. మన ఇండియా ప్రమాణాల ప్రకారం మామూలు సిమెంటు బిగుసుకోవడం మొదలవడానికి కనీసం 30 నిమిషాలు పట్టాలి, పూర్తవడానికి 10 గంటలు దాటకూడదు. కానీ సెట్ అయింది కదా అని కింద సపోర్టులు మాత్రం పీకొద్దు! బలం వేరే లెక్క, దాన్ని 28 రోజులకి చూస్తారు.

ఇంకోటి, డ్రాయింగ్ మీద సెట్‌బ్యాక్ అని ఉంటే హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ. ఫోర్‌మన్ మొహం వేలాడేసుకుని సెట్‌బ్యాక్ అన్నాడంటే మాత్రం పని ఎక్కడో ఆగిందన్నమాట.

ఇంగ్లీష్ పంతులమ్మ:
నువ్వొక్కడివే కాదు బాబూ, డిక్షనరీ రాసేవాళ్లకే చుక్కలు చూపించిన మాట ఇది. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 ముద్రణలో ఈ క్రియకి 430 అర్థాలిచ్చారు. తర్వాతి సవరణల్లో రన్ అనే మాట దీన్ని దాటేసింది, 645 అట. కాబట్టి బట్టీ పట్టే ఆలోచన మానుకో.

అసలు ఇవి రెండు వేరే మాటలు, తర్వాత కలిసిపోయాయి. స్పానర్ల సెట్, టీ సెట్ లాంటివి లాటిన్ నుంచి ఫ్రెంచ్ మీదుగా వచ్చాయి, జట్టు అనే అర్థం. రెండోది ఇంగ్లీష్ వాళ్ల సొంత పాత మాట, కూర్చోబెట్టు అని. మన మేస్త్రీలు రాయి కూర్చోబెట్టు, టైల్ సరిగ్గా కూర్చోలేదు అంటారు చూడు, అచ్చం అదే. సెట్ ద లెవెల్, సెట్ ద అలారం అన్నప్పుడు ఈ కూర్చోబెట్టడాన్ని మనసులో పెట్టుకుంటే సగం దారి దొరుకుతుంది. తర్వాత వచ్చే చిన్న మాట కూడా విను: సెట్ అసైడ్ అంటే పక్కన పెట్టు, సెట్ అప్ అంటే అమర్చు.

డాలస్ నాన్న:
పంతులమ్మ గారు, మనమేం తక్కువ తిన్నామా! మా పాపకి తెలుగు నేర్పుతుంటే పట్టు దగ్గర ఆగిపోయింది. నిద్ర పట్టింది, తుప్పు పట్టింది, రెండు గంటలు పట్టింది, ఈ డబ్బాలో బియ్యం పట్టవు, తలకి నూనె పట్టించు, మిల్లులో పిండి పట్టించు. ఇవన్నీ ఒకటేనా నాన్నా అంటుంది. పైగా వాళ్లమ్మ పట్టుచీర ఒకటి.

జగిత్యాల తమ్ముడు:
థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. కూర్చోబెట్టడం బాగా ఎక్కింది. మరి మనం సెట్ కాలేదు అంటాం కదా, అలా అనొచ్చా?

ఇంగ్లీష్ పంతులమ్మ:
అనొద్దు. చొక్కా సెట్ అయింది, ఉద్యోగం సెట్ అయింది, వాళ్లిద్దరికీ సెట్ కాదు, ఇవన్నీ మన తెలుగు సెట్లు, ఇంగ్లీష్ వాళ్లకి ఎక్కవు. అయామ్ ఆల్ సెట్ అంటే నేను రెడీ అని, అది వాడుకోవచ్చు.

జగిత్యాల తమ్ముడు:
ఓహో, ఇప్పుడర్థమైంది! రూమ్‌లో వాళ్లతో నాకు పడట్లేదని క్యాంప్ బాస్‌తో "రూమ్ నాట్ సెట్ సార్" అన్నా. ఆయన వచ్చి నా మంచం గోడకి జరిపి వెళ్లిపోయాడు.