అప్‌డేట్: క్రూటాన్లు ఇప్పుడు కరకరలాడుతున్నాయి

సలాడ్‌లోకి ఇంట్లో చేసిన క్రూటాన్లు (నూనె పట్టించి కరకరలాడేలా కాల్చిన బ్రెడ్ ముక్కలు) పైన మాడిపోయి లోపల మెత్తగా ఉంటున్నాయని, డబ్బాలో పెడితే మర్నాటికే సాగుతున్నాయని పోయిన వారం అడిగాను కదా. మీరు చెప్పినట్టే మూడుసార్లు చేసి చూశాను.

అసలు చిక్కంతా బ్రెడ్‌తోనే. నేను వాడింది తాజా మిల్క్ బ్రెడ్. అందులో చక్కెర ఉంటుంది కాబట్టి లోపలి తడి ఆరేలోపే పైన రంగు వచ్చేస్తోంది. ఈసారి తియ్యదనం లేని సాదా బ్రెడ్ తెచ్చి, రెండు సెంటీమీటర్ల ముక్కలు కోసి, పళ్లెంలో పరిచి రాత్రంతా ఆరబెట్టాను. నాలుగు స్లైసులకు రెండు టేబుల్‌స్పూన్ల ఆలివ్ నూనె పట్టించాను. ఇదివరకు ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) 200 డిగ్రీల్లో పెట్టేదాన్ని, ఇప్పుడు 160కి తగ్గించి 18 నిమిషాలు ఉంచాను. మధ్యలో రెండుసార్లు కలిపాను. ఆపేశాక తలుపు కాస్త తెరిచి అందులోనే చల్లారనిచ్చాను.

వెల్లుల్లి సంగతి చెప్పినవారికి ప్రత్యేకంగా థ్యాంక్స్. తరుగు పట్టిస్తే మాడి చేదెక్కేది. ఇప్పుడు నలగ్గొట్టిన రెబ్బల్ని నూనెలో సన్న సెగ మీద వేడి చేసి, రెబ్బలు తీసేసి ఆ నూనే వాడుతున్నాను. ఇల్లంతా ఎంత మంచి వాసనో!

పూర్తిగా చల్లారాకే డబ్బాకు మూత పెట్టాను. ఐదో రోజుకీ కరకర పోలేదు. సలాడ్‌లో మాత్రం తినే ముందే వేసుకోవాలి, డ్రెస్సింగ్ తగిలితే త్వరగా నానిపోతాయి. మిగిలినవి టమాటా సూప్‌లో వేస్తే మా పాప గిన్నె ఖాళీ చేసింది.