ఒక చెవి వినపడని టీచర్లు ఎవరైనా ఉన్నారా? సలహా కావాలి
నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఉన్నట్టుండి కుడి చెవి వినికిడి పోయింది, స్టెరాయిడ్లు వాడినా తిరిగి రాలేదు. ఇంట్లో అందరూ ఎడమవైపు కూర్చుంటున్నారు, పర్లేదు. క్లాసులోనే కష్టంగా ఉంది. బోర్డు మీద రాస్తుంటే వెనక నుంచి "సార్, డౌటు" అంటారు. తిరిగి చూస్తే ఏ బెంచీ నుంచో తెలియదు. శబ్దం రెండు చెవులకూ చేరడంలో తేడాను బట్టే దిక్కు తెలుస్తుంది కదా, ఇప్పుడు నాకది లేదు. రోడ్డు మీద హారన్‌తోనూ ఇదే భయం.

ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) క్రాస్ (CROS) అనే వినికిడి మిషన్ పెట్టుకోమంటున్నారు. వినపడని వైపు మైకు ఉంటుంది, అక్కడి మాటల్ని బాగున్న చెవికి పంపుతుంది. దిక్కు మాత్రం దాంతోనూ తెలియదట. పిల్లల గోల మధ్య ఎవరైనా వాడారా? మాట తేటగా వినిపిస్తుందా, గోలే పెరుగుతుందా? ఎముక ద్వారా వినిపించే రకం నయమా? క్లాసులో పిల్లలకు ఈ సంగతి ఎలా చెప్పారో కూడా దయచేసి రాయండి.