వ్యాక్యూమ్ గేజ్‌ని ‘శూన్యమాపకం’ అంటే సరిపోతుందా?

డల్లాస్ నుంచి, మొదటి టపా

అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర ఇరుక్కున్నాను.

మా పక్కింటాయనకి పాత షెవర్లే పికప్ ఉంది, 1967-72 తరం సీ-టెన్. దాని డ్యాష్‌బోర్డులో కంపెనీవాళ్లే బిగించిన వ్యాక్యూమ్ గేజ్ ఉంది. ఆ రోజుల్లో అదనంగా డబ్బు కట్టి అడిగితేనే పెట్టేవారు. మొన్న మా నాన్న ఆ బండి ఎక్కి, “ఇదేం మీటర్రా?” అన్నారు. “శూన్యాన్ని కొలుస్తుంది నాన్నా” అన్నాను. “శూన్యాన్ని కొలిస్తే సున్నా వస్తుంది, దానికి మీటరెందుకు?” అన్నారు.

అప్పటికి నవ్వేశాను కానీ తర్వాత మింగుడు పడలేదు. ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారిలో వ్యాక్యూమ్ ఎంత ఉందో చూపించే ఆ గేజ్ మీద 0 నుంచి 30 వరకు అంకెలుంటాయి, పాదరసపు అంగుళాల్లో (పీడనాన్ని పాదరసపు మట్టం ఎత్తుతో కొలిచే లెక్క). ఇంజన్ ఆరోగ్యంగా ఉంటే ఐడిలింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, ముల్లు 17-22 మధ్య నిలబడుతుంది. ఎక్సలేటర్ అడుగంటా తొక్కితే సున్నాకి పడిపోతుంది. అంటే ముల్లు సున్నా మీద ఉందంటే అక్కడ వ్యాక్యూమ్ లేదని. ఇదే సంగతి తెలుగులో చెప్పబోతే ‘శూన్యం శూన్యం’ అవుతోంది. “ముల్లు శూన్యం చూపిస్తోంది” అంటే సున్నా చూపిస్తోందా, వ్యాక్యూమ్ బాగా ఉందని చూపిస్తోందా? మనకి రెండింటికీ ఒకటే మాట.

పాత పికప్‌ల మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. ‘వ్యాక్యూమ్ గేజ్’ అని వదిలేయడానికి అభ్యంతరం లేదు. కానీ ఒక్కసారైనా తెలుగులో విప్పి చెప్పాలి కదా.

జవాబు: ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి

ముందు మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. తరగతిలో ఈ ప్రశ్న ఏ పిల్లవాడూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

శూన్యం అనే మాట ‘శూన్యంలో కాంతి ప్రయాణం’ అన్నప్పుడు బాగుంటుంది, అక్కడ నిజంగా ఏమీ లేదనుకుంటాం కాబట్టి. హిందీవాళ్ల నిర్వాతం తెచ్చుకుందామా అంటే, దాని అర్థం గాలి లేనిది అని. గీత ఆరో అధ్యాయంలో దీపం కదలకుండా ఉండేది ‘నివాత’ స్థలంలో, గాలి వీచని చోట. ఇంజన్ మానిఫోల్డ్, అంటే సిలిండర్లకి గాలి తీసుకెళ్లే గొట్టం, ఈ రెండూ కాదు. అందులో గాలి ఉంది, పైగా హోరున పోతూ ఉంటుంది.

అసలు జరిగేది ఇది. పిస్టన్లు కిందికి దిగుతూ గాలిని లాగుతుంటాయి. గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్‌లో, ఎక్సలేటర్ తొక్కితే తెరుచుకునే త్రాటిల్ రేకు ఐడిలింగ్‌లో దాదాపు మూసి ఉంటుంది. కావలసినంత గాలి రాదు, ఉన్న గాలి పలచబడుతుంది. బయట వాతావరణ పీడనం సుమారు 30 అంగుళాలు. గేజ్ 18 చూపించిందంటే లోపల ఇంకా 12 అంగుళాల గాలి ఉన్నట్టే! గేజ్ కొలిచేది లేమిని కాదు, నిండుకి ఎంత తక్కువ ఉందో ఆ తేడాని.

దీనికి మన వంటింట్లోనే మాట ఉంది: వెలితి. “బిందె నాలుగు వేళ్లు వెలితిగా ఉంది” అంటాం. అంచు నుంచి కిందికి కొలుస్తాం, అడుగు నుంచి పైకి కాదు. ఈ గేజ్ చేసే పనీ అదే. ‘పద్దెనిమిది అంగుళాల వెలితి’ అని పైకి అని చూడండి, ఎక్కడా తడబడదు. ‘వెలితి సున్నా’ అన్నా అర్థమవుతుంది.

ఇంకొకటి. మీరు ‘ముల్లు’ అని రాసినందుకు సంతోషం. ఈమధ్య ‘సూచిక సూది’ అని రాస్తున్నారు. గడియారానికీ త్రాసుకీ ఉన్నది ముల్లే.

జవాబు: కాజీపేట

మా నాన్నగారు రైల్వేలో గార్డు. వ్యాక్యూమ్ బ్రేకుల కాలంలో ఇంజన్‌లోనూ, వెనక గార్డు పెట్టెలోనూ ఇలాంటి గేజే ఉండేది. ఇంజన్ దగ్గర 53 సెంటీమీటర్ల పాదరసం అని మాకు చిన్నప్పుడే నోటికి వచ్చు. అక్కడ తమాషా ఏంటంటే, పైపులో గాలి తీసేసి ఉంచితేనే బండి కదులుతుంది. ఎవరైనా చైన్ లాగితే గాలి లోపలికొచ్చి బ్రేకులు పట్టేస్తాయి. వెలితి ఉంటే నడక, నిండితే ఆగడం!

ఇంట్లో మాత్రం ఆయన ఎప్పుడూ ‘వ్యాక్యూమ్’ అనే అన్నారు. శూన్యం అన్నది ఒక్కసారీ వినలేదు.

జవాబు: జనగామ దగ్గర, వ్యవసాయం

మాస్టారూ, వెలితి బాగానే ఉంది కానీ నాకో అనుమానం. వెలితి అంటే లోటు. “ఇంట్లో పెద్దాయన లేని వెలితి” అంటాం. ఇక్కడ ముల్లు ఎంత పైనుంటే ఇంజన్ అంత బాగున్నట్టు. “మీ ఇంజన్‌లో ఇరవై అంగుళాల వెలితి ఉంది” అంటే వినేవాడు రిపేరుకి ఎంత ఖర్చవుతుందని అడుగుతాడు.

మా దగ్గర బావి మోటారుకి ‘పీల్చుడు’ అంటాం. పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వ్ కారితేనో, పైపు జాయింటులో సందు పడితేనో మోటారు నీళ్లకు బదులు గాలి పీలుస్తుంది. అన్నీ బాగున్నా ఏడెనిమిది మీటర్ల కంటే కిందున్న నీళ్లు పైకి రావు. అందుకే నీళ్లు అడుగంటినప్పుడు మోటారునే బావిలో గట్టు మీదికి దించేవాళ్లం. ఇదీ ఆ పాదరసం లెక్కే కదా? నా ఓటు పీల్పుకి.

ఫిజిక్స్ మాస్టారు మళ్లీ

ఆ లెక్కే. బయటి గాలి నెట్టగలిగేది సుమారు పది మీటర్ల నీటిని, లేదా 76 సెంటీమీటర్ల పాదరసాన్ని. టోరిచెల్లి 1643లో చూపించింది అదే. కాకపోతే మోటారు పీల్చదు, గాలే నెడుతుంది అని నాలోని మాస్టారు గొణుగుతున్నాడు. సరే, వాణ్ణి కూర్చోబెడతాను.

లోటు వాసన వస్తుందన్నది నిజమే. అయినా బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అనే జాతి మనది, తిరగేసి అర్థం చేసుకోవడం మనకు కొత్త కాదు. పని పేరు పీల్పు, కొలత పేరు వెలితి అనుకుంటే? ఇంజన్ పీల్పు బాగుంటే వెలితి ఎక్కువ.

జవాబు: డెన్వర్

మా ఊరు 5,280 అడుగుల ఎత్తులో ఉంది. వెయ్యి అడుగులకి సుమారు ఒక అంగుళం చొప్పున గేజ్ తగ్గుతుంది. ఇక్కడ మంచి ఇంజన్ కూడా 12-17 చూపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఇంజన్ పోయిందని కంగారు పడతారు. మాస్టారి బిందె లెక్కలో అయితే తేలికే: ఇక్కడ బిందే చిన్నది.

పీల్పుకి ఇంకో సాక్ష్యం. 1950ల నాటి అమెరికన్ బండ్లు చాలావాటికి వైపర్లు తిరిగేది ఈ వ్యాక్యూమ్‌తోనే. వానలో ఎత్తు ఎక్కుతూ ఎక్సలేటర్ తొక్కితే వైపర్ నీరసపడి ఆగినంత పనిచేసేది. పీల్పు చాలక!

డల్లాస్, మొదట అడిగినవాణ్ణి

అందరికీ థాంక్స్. వ్యాసంలో ఇలా రాశాను: “వ్యాక్యూమ్ గేజ్ ఇంజన్ పీల్పు ఎలా ఉందో చెబుతుంది. బయటి గాలితో పోలిస్తే లోపల ఎన్ని అంగుళాల వెలితి ఉందో ముల్లు చూపిస్తుంది.” తర్వాతంతా గేజ్ అనే వాడాను. శూన్యం ఎక్కడా లేదు.

రాస్తుంటే అసలు పని క్రియల దగ్గర పడింది. ఈ గేజ్‌లో అంకె కంటే ముల్లు కదిలే తీరు ముఖ్యం. నిలకడగానే ఉండి తక్కువ చూపిస్తే ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనకబడి ఉండొచ్చు, లేదా ఎక్కడో గాలి చొరబడుతూ ఉండొచ్చు. ఉండుండి టక్కున పడి లేస్తే సిలిండర్‌లోకి గాలి వచ్చే, పోయే దారుల్ని మూసి తెరిచే వాల్వుల్లో ఒకటి అంటుకుపోతున్నట్టు. ఒకే లయలో కొట్టుకుంటుంటే కాలిపోయిన వాల్వో, సిలిండర్ల పైమూత కింద ఉండే హెడ్ గాస్కెట్టో చూసుకోవాలి. ఇంజన్ వేగం పెంచి పట్టుకుంటే మెల్లగా జారిపోతోందా, సైలెన్సర్ వైపు ఏదో పూడుకుంది. పడి లేవడం, కొట్టుకోవడం, జారడం: వీటికి ఏ నిఘంటువూ తియ్యలేదు.

పక్కింటాయన బండిలో ముల్లు ఐడిలింగ్‌లో సన్నగా వణుకుతుంది, కొంచెం వేగం పెంచితే సర్దుకుంటుంది. నాన్న చూసి “దీనికి చలిజ్వరంరా” అన్నారు. వాల్వులు కదిలే గొట్టాలు, అదే వాల్వ్ గైడ్లు, అరిగాయని మెకానిక్ నిన్న చెప్పాడట.