అప్‌డేట్: డల్లాస్ వచ్చాక అమ్మ కాళ్ళ వాపు, కారణం దొరికింది

హైదరాబాద్ నుంచి ఫ్లైట్‌లో వచ్చాక అమ్మకి రెండు కాళ్ళూ చీలమండల దగ్గర వాచాయి, ఎంతకీ తగ్గట్లేదు అని అడిగాను కదా, జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్. రక్తం గడ్డ కట్టిందేమో వెంటనే చూపించమన్నవాళ్ళ మాట విని తీసుకెళ్ళాం, డాప్లర్ స్కాన్ (కాళ్ళలో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) తీశారు, గడ్డ ఏమీ లేదన్నాకే నా ప్రాణం కుదుటపడింది.

అసలు కారణం బీపీ టాబ్లెట్ అండి. డాక్టర్ గారు అమ్మ మందుల కవర్ మొత్తం టేబుల్ మీద పోయించి ఒక్కో స్ట్రిప్ చదివారు, బయల్దేరే ముందే ఆమ్లోడిపిన్ అనే ఆ బీపీ టాబ్లెట్ 5 నుంచి 10 ఎంజీకి పెంచి ఉన్నారు, డోస్ పెరిగితే కొందరికి ఇలా కాళ్ళు వాస్తాయట. మళ్ళీ 5కి తగ్గించి లోసార్టాన్ అనే ఇంకో బీపీ మందు కలిపారు, ఇప్పుడు వేలితో నొక్కితే గుంట పడట్లేదు, చెప్పులు కూడా మామూలుగా పడుతున్నాయి.

ఉప్పు తగ్గించడం, కాళ్ళ కింద దిండు పెట్టడం మా విషయంలో పెద్దగా పని చెయ్యలేదు. కంప్రెషన్ సాక్స్ (కాళ్ళని బిగుతుగా పట్టి ఉంచే మేజోళ్ళు) మాత్రం తిరుగు ప్రయాణంలో వేసుకోమన్నారు.

ఇదే సమస్యతో వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు టాబ్లెట్ మీ అంతట మీరు ఆపకండి, ఒక్క కాలే వాచి నొప్పి ఉన్నా, ఆయాసం వచ్చినా మాత్రం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళిపోండి.